వేపలు ఎందుకు ఎండాయి? వీధి చెట్ల చీడపీడల్లో దేనికి మందు, దేనికి రంపం, దేనికి ఓపిక

2021 వానాకాలం చివర్లో తెలంగాణ అంతటా, ఆంధ్రప్రదేశ్‌లోనూ చాలాచోట్ల వేపచెట్లు పైనుంచి ఎండుకుంటూ వచ్చాయి. ఊరి మొదట్లోని ముసలి వేపకీ, నర్సరీ సంచిలోని ఏడాది మొక్కకీ తేడా లేకుండా చిగుళ్ళు నిప్పు సెగ తగిలినట్టు మాడిపోయాయి. చెట్టు చచ్చిపోయిందనుకుని కొందరు కొట్టించేశారు. కొందరు మందుల దుకాణంలో ఏది చేతికిస్తే అది చెట్టు మొదట్లో పోయించారు. ఎండాకాలం మొదలయ్యేసరికి, కొట్టకుండా వదిలేసిన చెట్లలో ఎక్కువ భాగం మళ్ళీ చిగురించాయి. మందు పోసినవీ చిగురించాయి, పోయనివీ చిగురించాయి. పోయించినవాళ్ళు మాత్రం అది మందు మహిమే అనుకున్నారు.

వరికి, మిరపకి పనికొచ్చే ఆలోచన చెట్టుకి పనికిరాదు. నాలుగు నెలల పంటలో పదిరోజులు ఆలస్యమైతే దిగుబడి పోతుంది కాబట్టి రైతు తొందరపడతాడు. అరవై ఏళ్ళ వేపకి ఆ తొందర లేదు. దానికి నిల్వ ఉంది, మళ్ళీ చిగురించే మొగ్గలు బెరడు కింద నిద్రపోతున్నాయి. ఒక సీజన్ ఆకు పోతే అది తట్టుకుంటుంది. తట్టుకోలేనివి వేరే ఉన్నాయి: వేరు తెగడం, మొదలు కుళ్ళడం, మాను చుట్టూ ఇనుము బిగుసుకోవడం. అందుకే చెట్టు మీద ఏదైనా కనిపించినప్పుడు ముందు అడగాల్సింది ‘ఏ మందు?’ అని కాదు. ఇది చెట్టుని చంపుతుందా, నీరసపరుస్తుందా, వికారంగా మాత్రమే చేస్తుందా, లేక అసలు జబ్బే కాదా అని.

వేప మీద ఇద్దరు

వేప ఎండు తెగులులో కారకులు రెండు, అవి తరచుగా ఒకే చెట్టు మీద ఉంటాయి. మొదటిది ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం. మైసూరు పరిశోధకులు 1997లోనే దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. అంటే 2021లో ఆకాశం నుంచి ఊడిపడిన జబ్బేమీ కాదు. తెలంగాణలో ఎండిన కొమ్మల నుంచి జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు గుర్తించినదీ దీన్నే. రెండోది టీ దోమ. పేరులో దోమ ఉన్నా ఇది రసం పీల్చే నల్లి జాతి పురుగు. ఉత్తరాంధ్ర జీడిమామిడి రైతులకు పాత శత్రువు. నలుపు, ఎరుపు కలిసిన సన్నని ఒళ్ళు, పొడుగాటి మీసాలు, వీపు మీద గుండుసూది నిలబెట్టినట్టు ఒక ముల్లు. పొద్దున్నే, సాయంత్రం చిగుళ్ళ మీద కనిపిస్తుంది, మధ్యాహ్నం ఎండలో వెతికితే దొరకదు.

‘వేపచెట్టుకే పురుగు పడుతుందా’ అని ఆశ్చర్యపోయినవాళ్ళు చాలామంది. పురుగుల్ని తరిమే అజాడిరక్టిన్ ఎక్కువగా ఉండేది గింజ పప్పులో, లేత చిగుళ్ళలో కాదు. కాబట్టి అందులో వింత లేదు.

ఇద్దర్నీ వేరుచేసి చూడటం ముఖ్యం, ఎందుకంటే పురుగు మందు శిలీంధ్రాన్ని చంపదు, శిలీంధ్రం మందు పురుగుని చంపదు. ఎండిన కొమ్మ ఒకటి కోసి దగ్గరగా చూడండి. లేత కాడ మీద, ఆకు ఈనెల మీద గోధుమరంగు నుంచి నలుపుకి తిరిగిన కోలగా ఉండే మచ్చలు విడివిడిగా ఉండి, కొన్నిచోట్ల బంక కారి, పచ్చగా ఉన్న లేత భాగం మాత్రమే వాలిపోతే అది టీ దోమ. పీల్చేటప్పుడు అది లోపలికి వదిలే లాలాజలం చుట్టూ ఉన్న కణజాలాన్ని చంపుతుంది. అందుకే చిన్న పురుగు పొడిచిన చోట అంత పెద్ద మచ్చ. అలా కాకుండా ఎండటం చివర మొదలై కొమ్మ వెంట కిందికి దిగుతూ, లేత భాగం దాటి ముదురు బెరడులోకి వెళ్ళి, వానలో తడిశాక ఆ బెరడు మీద ఆవగింజకన్నా చిన్న నల్లని చుక్కలు లేస్తే అది శిలీంధ్రం. ఆ చుక్కల్లోంచే బీజాలు వాన చినుకులతో పక్క కొమ్మలకి చిందుతాయి. టీ దోమ చేసిన గాయం శిలీంధ్రానికి తలుపు తీసినట్టే, కాబట్టి రెండు లక్షణాలూ ఒకే కొమ్మలో దొరికినా కంగారు పడక్కర్లేదు.

కాలం కూడా ఆధారమే. శిలీంధ్రం ఉధృతి ఆగస్టులో మొదలై వానలు ముగిసి చలి దిగేదాకా పెరుగుతుంది. టీ దోమ వానల తర్వాత వచ్చే చిగురుతో మొదలై చలికాలమంతా ఉంటుంది. ఎండలు ముదిరి గాలిలో తేమ తగ్గితే రెండూ వెనక్కి తగ్గుతాయి. ఫిబ్రవరి, మార్చిలో వేప కొత్త ఆకు తొడగడం, జబ్బు తగ్గడం ఒకే సమయంలో జరుగుతాయి, అందుకే ఆ మధ్యలో ఏ వైద్యం చేసినా ఫలించినట్టు కనిపిస్తుంది. జబ్బు మాత్రం చెట్టు మీదే ఎండు పుల్లల్లో దాగి, మళ్ళీ ఆగస్టు కోసం ఉంటుంది. చెట్టు చావకపోయినా పూత, కాయ దెబ్బతింటాయి. వేపగింజలు ఏరుకునేవాళ్ళకి నష్టం అక్కడే.

ఇక ఏం చెయ్యాలన్నది చెట్టు ఎత్తుని బట్టి మారుతుంది.

మూడు మీటర్ల లోపు మొక్కలకీ, నర్సరీలకీ మందు కొట్టడం అర్థవంతం. ఎండిన కొమ్మని ఎండిన గీత దగ్గర కాకుండా, పచ్చి భాగంలోకి 15 నుంచి 20 సెంటీమీటర్లు దిగి కోయాలి. శిలీంధ్రం కంటికి కనపడే గీతకన్నా ముందే నడుస్తుంది. చాలామంది ఎండినంతవరకే కోసి, నెల తర్వాత మళ్ళీ ఎండిందని అంటారు, కారణం ఇదే. కోసిన పుల్లలు చెట్టు కింద పారెయ్యకుండా కాల్చాలి, లేదా లోతుగా పూడ్చాలి. కత్తెరని ప్రతి చెట్టుకీ మధ్య స్పిరిట్‌తో తుడవాలి. కోసిన తర్వాత శిలీంధ్రాన్ని చంపే కార్బెండజిమ్ 50 శాతం పొడి మందు లీటరు నీటికి 1 గ్రాము కలిపి, కాడలు, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. రెండు మూడు వారాల తర్వాత రెండోసారి అదే కాకుండా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కొట్టడం మంచిది. ఒకే మందు వరసగా వాడితే శిలీంధ్రం దానికి అలవాటు పడుతుంది. కాడల మీద టీ దోమ మచ్చలు కనిపిస్తే జీడిమామిడిలో వాడే లామ్డా సైహలోత్రిన్ 5 శాతం మందు లీటరుకి 0.6 మి.లీ. కొత్త చిగురు వచ్చేటప్పుడు ఒకసారి సరిపోతుంది. పూత మీద ఉన్న వేపకి పురుగు మందు కొట్టకూడదు, తేనెటీగలు వస్తాయి.

నర్సరీవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఈ శిలీంధ్రం విత్తనంలో కూడా ప్రయాణిస్తుంది. గింజలు ఏరేటప్పుడు కొమ్మలు ఎండని చెట్ల కిందే ఏరాలి.

పది మీటర్లు దాటిన వేపకి మందు కొట్టడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వద్దు. వీపు మీద తగిలించుకునే స్ప్రేయరు నాలుగు మీటర్లకు మించి అందదు, జబ్బు ఉన్నదేమో చిటారు కొమ్మల్లో. కార్బెండజిమ్‌లాంటి మందులు నీటితోపాటు కింది నుంచి పైకి, కొమ్మ నుంచి ఆకు చివరకి పోతాయే గాని, ఒక కొమ్మ ఆకు మీద పడింది వెనక్కి దిగి ఇంకో కొమ్మకి ఎక్కదు. కింది కొమ్మలు తడిపితే పై కొమ్మలకి ఒరిగేది లేదు. పోనీ మోటారు స్ప్రేయరుతో పైదాకా కొడితే, కిందికి కారేదీ గాలికి పోయేదీ ఇళ్ళ మీద, నీటి తొట్ల మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. చెట్టు మొదట్లో పోసినా బంకమట్టిలో, సేంద్రియ పదార్థం ఎక్కువున్న నేలలో మందు మట్టికే అంటుకుపోయి వేరుకి చేరేది కొంచెమే. పెద్ద చెట్టుకి చెయ్యగలిగిందీ పనికొచ్చేదీ రెండు: వానలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో అందినంతవరకు ఎండు కొమ్మలు తీయించడం, వేసవిలో కొమ్మల నీడ అంచున నీళ్ళు కట్టడం. గుడి ముందు వేపో, బడి ఆవరణలో వేపో అయితే నిచ్చెన బండి తెప్పించైనా ఎండుపుల్ల తీయించండి. మందు డబ్బులు అక్కడ పెట్టండి.

జబ్బు కానివి

ఫిబ్రవరిలో బాదం ఆకు ఎర్రబడి రాలడం జబ్బు కాదు. వేప, రావి వేసవి ముందు బోసిపోవడమూ అంతే. కానుగ ఆకుల మీద వేళ్ళలా లేచే పచ్చని బుడిపెలు కంటికి కనపడనంత చిన్న నల్లి చేసే పని. చెట్టు ఆరోగ్యానికి ఏమీ కాదు, వదిలెయ్యండి. ఏడాకుల పాల ఆకుల నిండా గుత్తులుగా బుడిపెలొస్తే అవి చిన్న రసం పీల్చే పురుగు కట్టుకున్న ఇళ్ళు. పురుగు లోపల ఉంటుంది కాబట్టి పైన కొట్టే మందు దాన్ని తాకదు, ఆ వికారం చూడలేకపోతే ఆ రెమ్మలు కత్తిరించి కాల్చడమే దారి. కుండీల్లో, కంచెల్లో పెంచే ఫైకస్ ఆకులు మధ్యకి మడుచుకుంటే విప్పి చూడండి, లోపల నల్లటి తామర పురుగులు ఉంటాయి. మడిచిన ఆకులు ఏరేస్తే చాలావరకు తీరిపోతుంది.

మాను మీద మట్టి గూడు కట్టిన చెదల్ని చూసి భయపడేవాళ్ళు ఎక్కువ. మన చెదలు ఎక్కువగా తినేది చచ్చిన పై బెరడుని. మట్టి గీకేసి కింద చూడండి. పచ్చగా, తడిగా ఉంటే చెట్టుకి ఏమీ కాలేదు. కింద ఎండిపోయి ఉంటే చెదలకన్నా ముందే అక్కడ ఏదో గాయమైంది, దాన్ని వెతకాలి. కొత్తగా నాటిన మొక్కల సంగతి వేరు, చెదలు వేరు కొరికి చంపేస్తాయి. నాటే గుంటలో మాగని పశువుల ఎరువు వెయ్యడం చెదల్ని పిలవడమే.

ఆకు మీద మసి, అడుగున పురుగు

ఆకుల మీద నల్లటి మసి పట్టింది, కడిగితే పోతోంది అంటే అది మసి తెగులు. ఆకుని తినదు, పైన కూర్చుంటుంది. పైకొమ్మల్లో ఎక్కడో రసం పీల్చే పురుగు తియ్యటి జిగురు విసర్జిస్తోంది, దాని మీద ఈ బూజు పెరుగుతోంది. కాబట్టి మసికి శిలీంధ్రం మందు కొట్టడం వృథా. తల పైకెత్తి ఆకు అడుగు చూడాలి.

కొబ్బరిలో, బాదంలో, జామలో, అరటిలో ఆకు అడుగున తెల్లటి మైనపు గీతలు సుడులుగా కనపడితే సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడి, తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరికి పాకింది. ఈ పురుగు విషయంలో రసాయన మందు మేలుకన్నా కీడు ఎక్కువ చేస్తుంది. తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే సూక్ష్మమైన కందిరీగ దాని వెంటే మన దేశంలో కనిపిస్తోంది. ఘాటు మందు కొడితే ముందు చచ్చేది అదే, తెల్లదోమ మైనం కింద బతికి, అడ్డు లేకుండా పెరుగుతుంది. ఇంటి ముందు కొబ్బరికి చెయ్యాల్సింది: మోటారు పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్ళు కొట్టడం, మసి పొరకి మైదా లేదా బియ్యం గంజి లీటరుకి 10 గ్రాముల లెక్కన కొట్టడం. గంజి ఎండి పొరలా లేచినప్పుడు మసీ ఊడుతుంది. పసుపు జిగురు అట్టలు ఎగిరే దోమల్ని పట్టుకుంటాయి. ఉధృతి బాగా ఎక్కువైతే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఉత్పత్తి చేసి ఇస్తున్న ఐసేరియా ఫ్యుమోసోరోసియా అనే మిత్ర శిలీంధ్రం లీటరుకి 5 గ్రాములు, ఎండ తగ్గాక సాయంత్రం కొట్టాలి. మధ్యాహ్నం కొడితే ఎండకి అది చచ్చిపోతుంది, ‘పనిచెయ్యలేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం అదే.

మందారం, గరుడవర్ధనం, బొప్పాయి, టేకు మీద తెల్లటి పిండిలా అంటుకునేది పిండినల్లి. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో కనపడి దక్షిణాదిని కుదిపేసింది. 2010లో దిగుమతి చేసుకున్న అసిరోఫాగస్ పపాయే అనే చిన్న పరాన్నజీవిని (పిండినల్లి ఒంట్లో గుడ్లు పెట్టి చంపే పురుగు) వదిలాక అదుపులోకి వచ్చింది. ఇళ్ళలో పిండినల్లి తగ్గకపోవడానికి కారణం తరచుగా చీమలు. జిగురు కోసం అవి పిండినల్లిని కాపలా కాస్తాయి, పరాన్నజీవుల్ని దగ్గరికి రానివ్వవు. మాను చుట్టూ ప్లాస్టిక్ పట్టీ చుట్టి దాని మీద గ్రీజు రాస్తే చీమలు ఎక్కలేవు. గ్రీజు నేరుగా బెరడు మీద రాయకూడదు. పక్క గోడకి ఆనుకున్న కొమ్మ ఉంటే అది కోసెయ్యాలి, లేకపోతే పట్టీ దండగ. కొమ్మలకి సబ్బు నీళ్ళు, వేపనూనె 1500 పీపీఎం లీటరుకి 5 మి.లీ. చాలు. చిన్న పిండినల్లి పిల్లలే లొంగుతాయి కాబట్టి వారం తేడాతో రెండు మూడుసార్లు కొట్టాలి.

కొబ్బరిలో గొలుసు

కొబ్బరి, ఖర్జూరం, అలంకరణకి పెట్టే తాళ జాతి చెట్లలో రెండు పురుగుల మధ్య ఉన్న లంకె తెలియకపోతే చెట్టు దక్కదు. విప్పిన మట్టలో ఆకులు కత్తెరతో కోసినట్టు కోణాలుగా తెగి ఉంటే కొమ్ము పురుగు మొవ్వులో తొలిచిందని అర్థం. అది నేరుగా చెట్టుని చంపడం తక్కువ. కానీ అది చేసిన గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది. అది గుడ్లు పెడితే పిల్లలు మానులోపల తిని గుల్ల చేస్తాయి. మాను మీద రంధ్రంలోంచి గోధుమరంగు ద్రవం, నమిలిన పీచు బయటికి రావడం, లోపలి మట్టలు పసుపుబారడం చూసేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. మొవ్వు వాలిపోతే ఆ చెట్టు తిరిగిరాదు. నరికి, మాను చీల్చి, పిల్లపురుగుల్ని చంపి కాల్చాలి. పక్కన పడేస్తే తోటంతా దానం చేసినట్టే.

కాబట్టి ఆపాల్సింది మొదటి పురుగుని. మొవ్వు చుట్టూ పై రెండు మూడు మట్టల మొదళ్ళలో వేపపిండి 250 గ్రాములు, అంతే ఇసుక కలిపి నింపాలి, ఏడాదికి మూడుసార్లు. లేదా నాఫ్తలీన్ గోళీలు మూడు నాలుగు పెట్టి పైన ఇసుక వెయ్యాలి, 45 రోజులకొకసారి మార్చాలి. కొమ్ము పురుగు పెరిగేది చెట్టు మీద కాదు, పెంటకుప్పలో. పక్కింటి ఎరువు గుంట వదిలేసి చెట్టెక్కడం వల్ల ఉపయోగం లేదు. గుంటలో తెల్లటి లావు పిల్లపురుగులు ఏరేసి, పురుగుల్ని చంపే మెటారైజియం అనే మిత్ర శిలీంధ్రం కలపాలి. మట్టలు పచ్చిగా కోసే అలవాటు కూడా మానాలి, ఆ కోతల వాసనకీ ఎర్రముక్కు పురుగు వస్తుంది. కోయక తప్పకపోతే మానుకి ఒక మీటరు దూరంలో కోసి, మిగిలింది ఎండి రాలనివ్వాలి.

మాను తొలిచేవి

నిద్రగన్నేరు, తురాయి, ఉసిరి, జామ కొమ్మల పంగల్లో పట్టు దారంతో అల్లిన రంపపు పొట్టు తొడుగు కనపడితే బెరడు తినే గొంగళి. పగలు రంధ్రంలో దాక్కుని, రాత్రి బయటికి వచ్చి తొడుగు కింద బెరడు తింటుంది. తొడుగు చీపురుతో ఊడ్చేసి, రంధ్రం కనుక్కుని, సైకిల్ చువ్వ గుచ్చి తిప్పి, సిరంజితో 5 మి.లీ. కిరోసిన్ పోసి, బంకమట్టితో మూసెయ్యాలి. వారం తర్వాత మట్టి పగిలి కొత్త పొట్టు వస్తే మళ్ళీ చెయ్యాలి. మామిడి కాండం తొలుచు పురుగు ఇంతకన్నా లోతుగా వెళ్తుంది, పిల్లపురుగు వేలెడంత లావు ఉంటుంది, కాబట్టి ముతక పొట్టు రాలుతున్న చోట వెంటనే వెతకాలి. పాత పుస్తకాల్లో దూదిని డైక్లోర్వాస్‌లో ముంచి రంధ్రంలో పెట్టమని ఉంటుంది. ఆ మందు 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. ఇంకా ఎవరైనా చీటీ రాసిస్తే కొనకండి.

తొలిచే పురుగులు నీరసించిన చెట్టునే ఎక్కువగా ఎంచుకుంటాయి. నీళ్ళు దండిగా ఉన్న చెట్టు రంధ్రంలోకి జిగురు కార్చి పురుగుని తోసేస్తుంది. ఎండకి బెరడు కాలిన పడమటి వైపు చూడండి, రంధ్రాలు అక్కడే మొదలవుతాయి. రోడ్ల పక్క చెట్లకి వేసే సున్నం పట్టీ అలంకారంగా కనిపించినా, తెల్ల రంగు వల్ల బెరడు తక్కువ వేడెక్కుతుంది.

నేల కింద జరిగేది

పైన చెప్పిన వాటన్నిటికన్నా ఎక్కువ చెట్లు పోయేది సిమెంటు వల్ల. మాను మొదటిదాకా టైల్స్ వేస్తే వేర్లకి నీరు, గాలి రెండూ ఆగిపోతాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013 ఏప్రిల్‌లో ఢిల్లీ సంస్థలకు చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తొలగించమని ఆదేశించింది. ఒక మీటరు కనీసం మాత్రమే. నీరు పీల్చే సన్నవేర్లు ఎక్కువగా కొమ్మల అంచు కింద, పై 45 సెంటీమీటర్ల మట్టిలో ఉంటాయి. నీళ్ళు మాను మీద పోస్తే తడి ఉండకూడని చోట తడి, కావాల్సిన చోట పొడి. కొమ్మల నీడ అంచున పాదు తవ్వి, వేసవిలో వారానికొకసారి నేల లోతుగా తడిసేలా కట్టాలి. రోజూ ఒక బిందె పొయ్యడంకన్నా అదే మేలు.

మాను మొదలు చుట్టూ మట్టి ఎగదోయడం ఇంకో పొరపాటు. మాను నేలలోకి దిగే చోట కొంచెం వెడల్పవుతుంది, ఆ వెడల్పు బయటికి కనపడాలి. స్తంభంలా నిటారుగా నేలలోకి దిగితే మట్టి ఎక్కువ పోశారని అర్థం, బెరడు కుళ్ళకముందే తీసెయ్యాలి. కేబులు కందకం మానుకి ఒకవైపు తవ్వితే ఆ వైపు కొమ్మలు ఒకటి రెండేళ్ళకి ఎండుతాయి. అప్పటికి కందకం సంగతి అందరూ మరిచిపోయి, పురుగు మందు అడుగుతారు. మొక్కకి పెట్టిన ఇనుప కంచె, దీపాల తీగలు, బోర్డుల మేకులు వేసినవాళ్ళే తియ్యాలి. తీగ బెరడులోకి దిగితే ఆకుల్లో తయారైన ఆహారం వేరుకి దిగదు, వేరు ఆకలితో చస్తుంది.

తురాయి, పసుపు పూల పెల్టోఫోరం చెట్ల మొదట్లో వానాకాలంలో అర్ధచంద్రాకారంలో, పైన ఎర్రటి గోధుమరంగు మెరుపుతో, అడుగున తెల్లగా చెక్కలా గట్టిగా ఉండే పుట్టగొడుగు కనిపిస్తే అది గానోడెర్మా. దీనికి మాత్రం ఓపిక పట్టకూడదు. పుట్టగొడుగు బయటికి వచ్చేసరికి వేర్లలో చాలా భాగం కుళ్ళి ఉంటుంది. పైన ఆకు పచ్చగానే ఉండొచ్చు, మే నెల గాలివానలో కారు మీద పడేది అలాంటి చెట్టే. పుట్టగొడుగు పీకేస్తే జబ్బు పోదు, మందు లేదు. సుత్తితో మొదలు చుట్టూ కొట్టి డొల్ల శబ్దం వస్తోందేమో, చెట్టు ఒరిగి ఉంటే రెండోవైపు నేల బీటలు వారిందేమో చూడాలి. రోడ్డు మీద ఉన్న చెట్టయితే తీయించడమే. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి, ఫొటోలతో అర్జీ పెడితే పని సులువవుతుంది. ఈ శిలీంధ్రం వేరుకి వేరు తగిలి పాకుతుంది. అందుకే మొద్దు, పెద్ద వేర్లు తవ్వి తీసి, పక్క చెట్టుకీ దానికీ మధ్య 60 సెంటీమీటర్ల లోతు కందకం తవ్వాలి. తవ్వేటప్పుడు పక్క చెట్టు మొదలుకి మరీ దగ్గరికి వెళ్ళకూడదు.

కోతా, పూతా

చెడ్డ కోత జబ్బుకన్నా హాని చేస్తుంది. పెద్ద కొమ్మని ఒక్క వేటుతో నరికితే దాని బరువుకి బెరడు మాను దాకా చీలిపోతుంది. మూడు కోతలు కావాలి. మానుకి ఒక అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు మొదటిది. దానికి నాలుగు వేళ్ళు అవతల పైనుంచి రెండోది, కొమ్మ శుభ్రంగా ఊడుతుంది. మిగిలిన మొండిని, కొమ్మ మానుతో కలిసే చోట ఉన్న ఉబ్బు బయట మూడో కోతతో తియ్యాలి. ఆ ఉబ్బుని కోయకూడదు, గాయాన్ని కప్పే కొత్త బెరడు అక్కడినుంచే పుడుతుంది. మొండి మిగల్చకూడదు, అది ఎండి లోపలికి కుళ్ళుతుంది. ఒక ఏడాదిలో కొమ్మల్లో పావు వంతుకి మించి తీయొద్దు. కరెంటు తీగల కోసం చెట్టు నెత్తి మొత్తం చెక్కేసినప్పుడు వచ్చే గుబురు చిగుళ్ళే టీ దోమకి పండగ.

వానల్లో కోయక తప్పకపోతే కోత మీద బోర్డో పేస్టు పుయ్యాలి. మైలుతుత్తం 100 గ్రాములు అర లీటరు నీటిలో ప్లాస్టిక్ బకెట్‌లో రాత్రే నానబెట్టి కరిగించాలి. ఇనుప పాత్ర వద్దు, రాగి ఇనుముకి అంటుకుపోతుంది. కొత్త సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో కలిపి గుడ్డతో వడగట్టాలి. తుత్తం నీళ్ళని సున్నంలోకి సన్నగా పోస్తూ కలపాలి, సున్నాన్ని తుత్తంలో పోస్తే గడ్డకడుతుంది. తోమిన మేకు ఒక నిమిషం ముంచి తీస్తే ఎర్రటి పొర కనిపించకూడదు. కనిపిస్తే సున్నం తక్కువైంది, ఇంకొంచెం కలపాలి, లేకపోతే లేత కణజాలం మాడుతుంది. ఆ రోజే వాడెయ్యాలి, నిల్వ ఉంటే పట్టు పోతుంది. ఇదే పాళ్ళు పది లీటర్ల నీటిలో చేస్తే ఒక శాతం మిశ్రమం, మొక్కల మీద కొట్టుకోవచ్చు. మాను తొర్రల్ని సిమెంటుతో పూడ్చే పాత పద్ధతి మాత్రం వద్దు, సిమెంటు వెనక తడి నిలిచి కుళ్ళు పెరుగుతుంది, గాలికి చెట్టు ఊగినప్పుడు రాపిడి.

మామిడి, వేప, కానుగ కొమ్మల మీద వేరే ఆకుతో గుబురుగా కనిపించేది బదనిక. పండు తిన్న పిట్టలు గింజని కొమ్మకి రాసేస్తాయి. బదనికని లాగి తుంచితే లోపలి భాగం మళ్ళీ మొలుస్తుంది. అది అంటుకున్న చోటుకి ఒక అడుగు కింద, కొమ్మతో సహా కోయాలి. పూత పండు కాకముందే చేస్తే పిట్టలకి గింజ దొరకదు.

పోయిన చెట్టు గుంటలో కొత్తది పెట్టేటప్పుడు అదే జాతి పెట్టకండి, గానోడెర్మాతో పోయినదైతే మరీను. వీధంతా వేపే ఉన్నచోట ఒక జబ్బుకి వీధంతా ఒకేసారి ఎండుతుంది. అమెరికా వృక్ష శాస్త్రవేత్త ఫ్రాంక్ శాంటమూర్ 1990లో ఒక లెక్క చెప్పాడు: ఊరి చెట్లలో ఒకే జాతివి పది శాతం, ఒకే ప్రజాతివి ఇరవై శాతం, ఒకే కుటుంబానివి ముప్పై శాతం మించకూడదని. అంత పట్టింపు కుదరకపోయినా, రెండు వేపల మధ్య ఒక కానుగ, ఒక పొగడ, ఒక నేరేడు పెట్టొచ్చు. నర్సరీ నుంచి తెచ్చేముందు ఆకు అడుగు చూసి, సంచిలో వేర్లు చుట్టలు తిరిగి ఉంటే పెట్టే ముందు ఆ చుట్టలు కోసి సాఫు చేసి పెట్టండి.